ఫోన్‌లో వినపడదు, కార్లో డోర్లు అదురుతాయి: ఈ డ్రోన్ సౌండ్‌ని ఏం చేయాలి?

#1 నడిరేయి_నాగ

అందరికీ నమస్తే. ఒక షార్ట్ ఫిల్మ్‌కి బ్యాక్‌గ్రౌండ్ చేస్తున్నాను. పాత మండువా ఇల్లు, అందులో ఒంటరిగా ఒక కుర్రాడు. వాడు వెనకగది తలుపు దాకా నడిచి వెళ్లే 2 నిమిషాల 20 సెకన్లు మాటల్లేవు, పాట లేదు. అడుగు నుంచి గుమ్మ్‌మని సాగే ఒకే ఒక్క శబ్దం (దీన్నే డ్రోన్ అంటాం) కావాలన్నాడు డైరెక్టర్. "ఇల్లే మూలుగుతున్నట్టు ఉండాలి" అన్నాడు.

ఎఫ్ఎల్ స్టూడియో అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో 3ఎక్స్ ఆసిలేటర్ (మూడు వేవ్‌లని కలిపి మోగించే సింథ్) తీసుకుని మూడింటికీ సా వేవ్ (పైస్వరాలు నిండుగా ఉండే రంపపు పళ్ల ఆకారం తరంగం) పెట్టాను. ఒకటి సరిగ్గా నోట్ మీద, ఒకటి 6 సెంట్లు (సెంటు అంటే సెమీటోన్‌లో నూరో వంతు) పైన, ఒకటి 6 సెంట్లు కింద. నోట్ ఎఫ్2. దాని మీద 150 హెర్ట్జ్ దగ్గర లో-పాస్ (అంతకంటే పై శబ్దాన్ని కోసే ఫిల్టర్), ఆపైన పెద్ద రివర్బ్ (గది మోత). నా గదిలో పలచగా అనిపించి ఈక్యూలో 45 దగ్గర 9 డీబీ లేపాను.

డైరెక్టర్ ఫోన్‌లో విని "ఫైల్ ఖాళీగా వచ్చినట్టుంది, మళ్లీ పంపు" అన్నాడు. ప్రొడ్యూసర్ గారి కార్లో పెడితే డోర్లు గడగడలాడాయి, ఆయన భయపడి ఆపేశారు. ఇంకో విచిత్రం ఏంటంటే, నడుస్తూ నడుస్తూ బేస్ మాయమై మళ్లీ వస్తోంది. అదీ ఒక్కో రెండర్‌లో (ఫైల్‌గా బయటికి తీసిన ప్రతిసారీ) ఒక్కోలా. ఏమీ ముట్టుకోకుండా రెండోసారి రెండర్ కొడితే వేరే ఫైల్ వచ్చినట్టుంది.

గది 12 అడుగులు, 10 అడుగులు. 5 అంగుళాల మానిటర్లు. ఆదివారం ఫైనల్ మిక్స్. టెన్షన్‌గా ఉంది.

#2 బేస్_బాబాయ్

సింపుల్ బ్రో. 40 దగ్గర ఇంకో 6 డీబీ లేపి బేస్ బూస్టర్ ఒకటి పడెయ్. ఫోన్‌లో చూసేవాళ్లని ఇయర్‌ఫోన్స్ పెట్టుకోమను.

#3 సౌండ్‌బాక్స్_సత్తి

తమ్మీ నాగా, ఆ పని మాత్రం చేయకు. నాది డీజే బాక్సులు కిరాయికిచ్చే పని. 18 అంగుళాల బేస్ బాక్సులు ఎనిమిది ఉన్నాయి. రెండేళ్ల కింద నిమజ్జనం రాత్రి ఒక పిల్లగాడు పెన్‌డ్రైవ్ తెచ్చిండు, సొంత రీమిక్స్ అంట. మొదట్లో అర నిమిషం అచ్చం నువ్వు చెప్పిన సౌండే. చెవికి పెద్దగా ఏం వినపడలే. సరేనని ఆంప్ పెంచిన. చూస్తే స్పీకర్ పేపర్ మాత్రం గుండెకాయ లెక్క ముందుకూ వెనక్కూ కొట్టుకుంటోంది. కొంచెం సేపటికి కాయిల్ కాలిన వాసన. రెండు స్పీకర్లు పోయినయి. ఆ రాత్రి కిరాయి మొత్తం వాటికే సరిపోలేదు.

మా బాక్సుకి పోర్ట్ ఉంటది, అది 40 దగ్గరికి ట్యూన్ చేసి ఉంటది. అంతకంటే బాగా కిందికి సౌండ్ పంపితే బాక్స్‌లోని గాలి పేపర్‌ని పట్టుకోదు. సౌండ్ రాదు, పేపర్ మాత్రం హద్దు దాటి ఊగుతది. ఇప్పుడు ప్రాసెసర్‌లో 35 దగ్గర హై-పాస్ (దాని కిందిది కోసే ఫిల్టర్) పెట్టి లాక్ చేసిన, ఎవడు ఏ పాట తెచ్చినా అంతే.

#4 సైన్‌వేవ్_సుధ

నాగ గారూ, ముందు బేస్ మాయమయ్యే సంగతి చూద్దాం. కంప్యూటర్ తప్పేం లేదు, అదంతా లెక్క.

ఎఫ్ఎల్‌లో మధ్య సి ని సి5 అని రాస్తారు. చాలా సాఫ్ట్‌వేర్లలో అదే సి4. అంటే మీ ఎఫ్2 మిగతావాళ్లకి ఎఫ్1, 43.65 హెర్ట్జ్. అక్కడ 6 సెంట్లంటే సుమారు 0.15 హెర్ట్జ్ తేడా. మీ మూడు వేవ్‌లు ఒకదాన్నొకటి దాటుకుంటూ వెళ్లి మళ్లీ మొదటి స్థితికి రావడానికి 6.6 సెకన్లు పడుతుంది. మూడూ ఒకే చోట మొదలైతే 2.2వ సెకను దగ్గర ఒకసారి, 4.4 దగ్గర ఇంకోసారి అడుగు స్వరం పూర్తిగా సున్నా అవుతుంది. ఒకటి పైకి లాగుతుంటే మిగతా రెండూ కిందికి లాగి చెరిపేస్తాయి.

రెండర్ రెండర్‌కీ మారడానికి కారణం 3ఎక్స్ ఆసిలేటర్‌లో ఫేజ్‌ని ర్యాండమ్ చేసే నాబ్ అయ్యుంటుంది. అది తిప్పి ఉంటే వేవ్‌లు ప్రతిసారీ వేరే చోట మొదలవుతాయి. మధ్య వేవ్ మిగతా రెండింటికీ పావు సైకిల్ పక్కకి పడిందనుకోండి, ఇక సున్నాకి దిగనే దిగదు, తగ్గి పెరుగుతుందంతే. అదే మీకు "బాగున్న రెండర్".

#5 నడిరేయి_నాగ

సుధ గారూ, దండం! చూశాను, ఆ నాబ్ చివరి దాకా తిప్పి ఉంది. ఎప్పుడో ఏదో వీడియో చూసి తిప్పినట్టున్నాను. సున్నా చేసేస్తే సరిపోతుందా?

#6 సైన్‌వేవ్_సుధ

సరిపోదు. అప్పుడు ప్రతి రెండర్‌లోనూ ఒకే చోట మాయమవుతుంది, అంతే తేడా :)

అసలు డిట్యూన్ (వేవ్‌లని శ్రుతి నుంచి కాస్త జరపడం) అనేది అంత అడుగున చేయకూడదు. 1988లో డెట్రాయిట్‌లో కెవిన్ సాండర్సన్ రీస్ అనే పేరుతో చేసిన బేస్‌కి అందం ఈ ఊగడంలోనే ఉంది, ఒప్పుకుంటాను. అక్కడది పాట, కింద డ్రమ్స్ పట్టుకుని ఉంటాయి. మీకు ఉన్నదే ఈ ఒక్క శబ్దం. అది రెండు సెకన్లు పోతే సీన్‌లో గాలి తీసేసినట్టుంటుంది.

#7 శ్రుతిపెట్టె

నేను వీణ నేర్పుతాను, మీ సాఫ్ట్‌వేర్లు నాకు తెలియవు. మా అబ్బాయి ఈ చర్చ చూపిస్తే ఉండబట్టలేక రాస్తున్నాను.

నాగ బాబూ, వీలైతే ఒకసారి మంచి తంబుర పక్కన కూర్చో. ఎలక్ట్రానిక్ పెట్టె కాదు, చెక్క తంబుర. పంచమం, సారణి, అనుసారణి, మంద్రం వరుసగా మీటుతూ ఉండు. ఒకటి శ్రుతికి కడితే మంద్రం తీగ మీ లెక్కలో 65 హెర్ట్జ్ అట, మా వాడు చెప్పాడు. అయినా ఆ గుమ్మటం లాంటి నాదం తీగలోంచి వస్తున్నట్టుండదు, గది నిండా దానంతటదే ఉన్నట్టుంటుంది.

కిటుకంతా గుర్రం మీద, అంటే తీగలు ఆనే బ్రిడ్జి మీద ఉంది. మా గురువుగారు తీగ కింద దారం ముక్క పెట్టి వెంట్రుకవాసి చొప్పున జరిపేవారు. ఒకచోట తీగ మూగగా "టుంగ్" అంటుంది. ఇంకాస్త జరిపితే చప్పున రేకు విచ్చుకున్నట్టు "జుం" మని తెరుచుకుంటుంది. జీవం వచ్చింది అంటాం. ఆ క్షణంలో తీగ బలంగా మోగిందా అంటే లేదు, మీటు అంతే. పైస్వరాలు పుట్టాయి. అవి పుట్టగానే కింది షడ్జం ఇంకా లోతుకి దిగినట్టు వినిపిస్తుంది. తీగను ఎంత గట్టిగా లాగినా ఈ పని జరగదు.

సి.వి.రామన్ గారు 1921లో వీణ, తంబురల గుర్రం గురించి వ్యాసం రాశారు. తీగను ఏ బిందువు దగ్గర మీటితే అక్కడ రాకూడని పైస్వరాలు కూడా మన వాద్యాల్లో వస్తున్నాయని గమనించింది ఆయనే.

#8 బేస్_బాబాయ్

అమ్మా, చదవడానికి బాగుంది. కానీ లేని బేస్‌ని ఉన్నట్టు వినిపించడం మోసం కాదా? బేస్ అంటే కడుపులో తగలాలి.

#9 అరవై_హెర్ట్జ్

బాబాయ్, ఆ మోసం వందల ఏళ్ల నాటిది. చర్చి ఆర్గన్‌లో అతి కింది సి, అంటే 16 హెర్ట్జ్ స్వరం కావాలంటే 32 అడుగుల గొట్టం కావాలి. అంత చోటూ డబ్బూ లేనిచోట 16 అడుగుల గొట్టాన్నీ, 10 అడుగుల 8 అంగుళాల గొట్టాన్నీ కలిపి ఊదిస్తారు. ఒకటి 32.7, ఇంకోటి దాని పంచమం 49. రెండింటి తేడా 16 చిల్లర. లేని గొట్టం మోగినట్టే ఉంటుంది.

మన చెవి అంతే, హార్మోనిక్‌ల (అడుగు స్వరానికి రెట్లుగా వచ్చే పైస్వరాల) మధ్య దూరం చూసి అడుగు స్వరాన్ని తనే పూరించుకుంటుంది. నాగ నోట్ 43.65. దాని 5, 6, 7, 8 హార్మోనిక్‌లు 218, 262, 306, 349. ఫోన్ స్పీకర్ పలికేది దాదాపు ఆ చుట్టుపక్కల నుంచే. మన తమ్ముడేమో 150 దగ్గర లో-పాస్ పెట్టి వాటన్నిటినీ కోసేశాడు. ఫైల్ ఖాళీ అన్నాడంటే ఆ డైరెక్టర్ తప్పు కాదు.

ఇంకో ప్రశ్న. నాగా, ఆ గదిలో నువ్వు కూర్చునేది ఎక్కడ?

#10 నడిరేయి_నాగ

సరిగ్గా మధ్యలో అన్నా. ఫ్యాన్ కింద. మే నెలలో ఇంకెక్కడ కూర్చుంటాం?

#11 అరవై_హెర్ట్జ్

అనుకున్నా. గాలిలో 43 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 8 మీటర్లు, నీ గది పొడవు 3.66. ఎదురెదురు గోడల మధ్య మొదటి నిలకడ తరంగం (స్టాండింగ్ వేవ్) 47 హెర్ట్జ్ దగ్గర నిలబడుతుంది. ఆ తరంగానికి గోడల దగ్గర ఒత్తిడి ఎక్కువ, గది మధ్యలో దాదాపు సున్నా. నీ నోట్ దానికి ఆనుకునే ఉంది. అంటే గదిలో బేస్ అస్సలు వినపడని చోటు వెతుక్కుని మరీ కూర్చుని, బేస్ తక్కువైందని 9 డీబీ లేపావు. పైగా 5 అంగుళాల మానిటర్లు ఆ కిందికి వచ్చేసరికే చేతులెత్తేస్తాయి.

నమ్మకం లేకపోతే ఒక్క పని చెయ్. డ్రోన్ లూప్‌లో పెట్టి లేచి మూలకి నడు.

#12 నడిరేయి_నాగ

బాబోయ్. నడిచాను. కుర్చీలో ఏదో దూరంగా లారీ ఆగి ఉన్నట్టుంది. మూల దగ్గరికి వెళ్లేసరికి బీరువా పైనున్న సూట్‌కేసు తాళంచెవి టకటకమంటోంది. అమ్మ వచ్చి "మోటార్ ఆన్ చేశావా?" అని అడిగింది. నెల రోజులుగా ఆ మూలలో ఇది జరుగుతోంది, నేను ఫ్యాన్ కింద కూర్చుని ఇంకా పెంచుతున్నాను!

సరే, ఇప్పుడు మొదటి నుంచి చేస్తాను. ఎలా?

#13 సైన్‌వేవ్_సుధ

నేను పోస్ట్ ప్రొడక్షన్‌లో చేసే పద్ధతి చెప్తాను, ఇదే శాస్త్రమని కాదు.

అడుగున ఒకే ఒక్క సైన్ వేవ్ (పైస్వరాలు లేని తరంగం), 43.65. మోనో. డిట్యూన్ వద్దు, రివర్బ్ వద్దు, ఎల్ఎఫ్ఓ (ఏదో ఒక నాబ్‌ని నెమ్మదిగా దానంతటదే ఊపేది) వద్దు. అది నేల లాంటిది, కదలకూడదు. మీరు అనుకుంటున్న దానికంటే తక్కువ వాల్యూమ్‌లో పెట్టండి. వినపడేలా కాదు, మ్యూట్ చేస్తే ఏదో పోయిందనిపించేలా.

మీ మూడు సా వేవ్‌లని ఒక ఆక్టేవ్ పైకి, 87కి తెచ్చుకోండి. అక్కడ హై-పాస్ 80 దగ్గర పెట్టండి, సైన్‌తో గొడవ పడకుండా. ఇప్పుడు ఎంత డిట్యూన్ చేసినా, ఎంత వెడల్పు చేసినా నేల పోదు. తర్వాత సాఫ్ట్ క్లిప్పర్ లాంటిది కొద్దిగా. ముక్కు మీద కోపంలా బరబరలాడే డిస్టార్షన్ కాదు, కాస్త గొంతు బొంగురుపోయినట్టు. అమ్మగారు చెప్పిన దారం ముక్క పని ఇక్కడ ఇదే చేస్తుంది.

కదలిక అంతా ఫిల్టర్‌లో. లో-పాస్‌ని 200 నుంచి 600 మధ్య చాలా నెమ్మదిగా తెరిచి మూయండి. నేను రెండు ఎల్ఎఫ్ఓలు వాడతాను, ఒకటి 9 సెకన్లది, ఇంకోటి 14 సెకన్లది. ఒకటి ఫిల్టర్‌కి, ఇంకోటి క్లిప్పర్‌లోకి వెళ్లే లెవెల్‌కి. రెండూ మళ్లీ ఒకేచోట కలవడానికి 126 సెకన్లు పడుతుంది. మీ సీన్ 140 సెకన్లు. చూసేవాడికి ఒకటే శబ్దం, కానీ చివరి 14 సెకన్ల దాకా అది ఎక్కడా తిరిగి రాదు. శ్వాస తీస్తున్నట్టు ఉంటుంది.

రివర్బ్ ఈ పై పొరకి మాత్రమే, అదీ రివర్బ్ రిటర్న్‌కి 150 దగ్గర హై-పాస్ పెట్టి. వల్హల్లా సూపర్‌మాసివ్ అనే రివర్బ్ ప్లగిన్ ఉచితమే, బాగుంటుంది.

కంప్రెసర్ (పెద్ద శబ్దాన్ని అణిచేది) పెట్టాలనిపిస్తే ఒక్కటి గుర్తుంచుకోండి. 43 హెర్ట్జ్‌లో ఒక సైకిల్‌కే 23 మిల్లీసెకన్లు పడుతుంది. రిలీజ్ (అణచడం వదిలే సమయం) అంతకంటే వేగంగా ఉంటే కంప్రెసర్ వాల్యూమ్‌ని కాదు, వేవ్ ఆకారాన్నే తొక్కడం మొదలుపెడుతుంది. ఆ గరగర ఎక్కడి నుంచి వచ్చిందో తెలియక నేను ఒక రాత్రంతా ప్లగిన్లు తీసి పెట్టాను ఒకప్పుడు.

#14 రుబ్బురోలు_రవి

నాదో పిచ్చి సలహా. పాత ఇల్లు మూలగాలి అన్నాడు కదా డైరెక్టర్. అయితే సింథ్ ఒక్కటే ఎందుకు? ఇంట్లో వెట్ గ్రైండర్ ఉందా? చవకగా దొరికే పీజో డిస్క్‌కి (అదురుని సిగ్నల్‌గా మార్చే బిళ్ల) వైరు అతికించి గ్రైండర్ బాడీకి టేపుతో అంటించు. ఫోన్ మైక్ వద్దు, అది కింది శబ్దాన్ని మింగేస్తుంది.

మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి మోటార్ గుమ్మనేది 100 దగ్గర. అది ఐదు శ్రుతి, జి కంటే 35 సెంట్లు ఎక్కువ. నీది ఎఫ్. రెండు సెమీటోన్లు, మరో 35 సెంట్లు కిందికి దించితే సరిగ్గా 87 మీద కూర్చుంటుంది. పిండి గరగర, బెల్టు కీచుమనడం, రాయి పట్టేసి వదలడం అన్నీ దాంతోపాటే కిందికి దిగుతాయి. మినప్పప్పు వేసి రికార్డ్ చెయ్, ఖాళీగా తిప్పితే అంత బాగోదు. ఇంకా దింపాలంటే 96 కిలోహెర్ట్జ్‌లో రికార్డ్ చెయ్, పైన పనికొచ్చేది కాస్త మిగులుతుంది.

#15 అరవై_హెర్ట్జ్

రవీ, నా పేరు వెనక కథే అది. న్యూజెర్సీకి వచ్చిన కొత్తలో ఫ్రిజ్ మోత వేరే శ్రుతిలో ఉందని నిద్ర పట్టేది కాదు. ఇక్కడ 60 హెర్ట్జ్. ఆరున్నరకీ ఏడుకీ సరిగ్గా మధ్యలో పడుతుంది, ఏ పాటకీ కలవదు. 1960లలో న్యూయార్క్‌లో లా మాంటే యంగ్ అనే సంగీతకర్త ఏకంగా ఆ 60 హెర్ట్జ్‌కే తన బృందాన్ని శ్రుతి చేశాడు. ఆయనే తర్వాత, 1970లో, కిరానా ఘరానా అనే హిందుస్తానీ గాన సంప్రదాయానికి చెందిన పండిట్ ప్రాణ్‌నాథ్‌కి శిష్యుడయ్యాడు. ప్రాణ్‌నాథ్ తంబుర శ్రుతి చేయడంలో దిట్ట. అమ్మగారి గురువుగారి దారం ముక్కా, రవి గ్రైండరూ అంత దూరపు చుట్టాలేం కాదు.

#16 బేస్_బాబాయ్

అన్నీ సరే. థియేటర్లో వేస్తే? అక్కడ సబ్ ఉంటుంది కదా, ఫోన్ కోసం ఎందుకు పాడు చేసుకోవాలి?

#17 సైన్‌వేవ్_సుధ

థియేటర్లో ఎల్ఎఫ్ఈ అని వేరే ఛానెల్ ఉంటుంది, 120 హెర్ట్జ్ దాకా, మిగతావాటికంటే 10 డీబీ ఎక్కువ మోగేలా. ఈ సినిమా వెళ్లేది యూట్యూబ్‌కి, స్టీరియోలో. పైగా పై పొరలు పెడితే థియేటర్లో పాడవదు బాబాయ్, అక్కడే ఇంకా బాగుంటుంది. ఇంకోటి, లౌడ్‌నెస్ మీటర్‌ని చూసి అడుగు బేస్‌ని, అంటే సబ్‌ని కొలవకండి. దాని లోపలే దాదాపు 38 దగ్గర హై-పాస్ ఉంటుంది, మీ సబ్‌ని తక్కువ చేసి చూపిస్తుంది.

#18 నడిరేయి_నాగ

శనివారం రాత్రి రిపోర్ట్. బల్లని కిటికీ గోడ వైపు జరిపాను, ఫ్యాన్ పోయింది, చెమటలు. అమ్మని బతిమాలి ఇడ్లీ పిండి రాత్రి 10కి రుబ్బించాను. రాయి పట్టేసి వదిలే చోటు కిందికి దించితే ఎవరో నేల కింద బరువైన పెట్టె ఈడుస్తున్నట్టు వచ్చింది. దాన్ని రెండుసార్లే వాడాను. సబ్‌ని పాతదానికంటే 11 డీబీ తగ్గించాను.

డైరెక్టర్ అదే ఫోన్‌లో విన్నాడు. "ఈసారి బేస్ బాగా పెంచావు" అన్నాడు. నేనేం మాట్లాడలేదు. ప్రొడ్యూసర్ గారి కార్లో డోర్లు ఊరుకున్నాయి.

ఒక ఇబ్బంది మాత్రం మిగిలింది. చివర్లో కుర్రాడు గుసగుసగా "ఎవరూ?" అంటాడు. 300 దగ్గర డ్రోన్ వచ్చి ఆ మాటని మింగేస్తోంది.

#19 సైన్‌వేవ్_సుధ

ఆ మాటకి రెండు సెకన్ల ముందు నుంచే ఫిల్టర్‌ని 180 దాకా మూసేయండి. అడుగు శబ్దం మాత్రమే మిగులుతుంది. మాట వినపడుతుంది, వాడి వెనక గది ఊపిరి బిగబట్టినట్టూ ఉంటుంది.

#20 సౌండ్‌బాక్స్_సత్తి

తమ్మీ, నువ్వు పెట్టిన ఫైల్ మా గోదాంలో రెండు 18ల మీద వేసి చూసిన. పేపర్ కుదురుగా ఉంది, పైన రేకులు మాత్రం సన్నగా మోగినయి. మా హెల్పర్ పిల్లగాడు ఎటు నుంచి వస్తుందని బయటికి పోయి చూసి వచ్చిండు. ఒకటే మాట. 1:10 దగ్గర చిన్నగా టిక్‌మంది. గ్రైండర్ ముక్కని అక్కడే అతికినవా?

#21 నడిరేయి_నాగ

అవునన్నా, లూప్ కలిసింది అక్కడే. నా మానిటర్లలో వినపడనే లేదు. క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతూ ఇంకోటి పెరిగేలా) వేసి మళ్లీ పెడుతున్నా, పది నిమిషాలు బాక్సులు ఆపకు.